పరువుగల సాక్షులు

“ఈ మొహం ఎవరిది మాస్టారూ?”

డిటెక్టివ్ తన ఫోను దర్జీ ముక్కు దగ్గరగా పెట్టి అడిగాడు. తెర మీద ఒక ముసలి మొహం. మెడలో కొలతల టేపు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, సగం తెరుచుకున్న నోరు. ఎవరిదో చెప్పడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. ఆ మొహమే ఇప్పుడు ఫోనుకి ఇవతల నిలబడి గుటకలు మింగుతోంది.

“నాలాగే ఉంది,” అన్నాడు దర్జీ.

“మీలాగే ఉందా, మీరేనా?”

“నాలాంటివాళ్ళు లోకంలో ఎంతమంది లేరు బాబూ!”

“మెడలో టేపుతో సహానా?”

దర్జీ కళ్ళు దించుకున్నాడు. పక్కనే నిలబడిన కూతురు అందుకుంది. ఆమెది ల్యాబులో రక్తాలు తీసే ఉద్యోగం. మాట కూడా సూదిలాగే ఉంటుంది.

“నాన్న చూపించలేదని చెప్తున్నాడు కదండీ! ఎవడడిగినా ఫోనుకి మొహం చూపించొద్దని ఆ ఫోను కొనిచ్చిన రోజే వందసార్లు చెప్పాను. నాన్న నా మాట జవదాటడు. ఎవడో దొంగ ఫొటో పుట్టించాడు. అది తేల్చమనే మిమ్మల్ని తీసుకొచ్చాను.”

తండ్రి మొహం ఇంకొంచెం కిందికి దిగింది. డిటెక్టివ్ అది గమనించాడు.

సంగతి ఇదీ. దర్జీకి ఆస్తి అంటూ ఉన్నది ఈ రెండు గదుల ఇల్లొకటే. ముందు గదిలో మిషను, వెనక గదిలో మంచం. ఆ ఇంటిని తాను అమ్మేసినట్టు ఆయనకి ఫోన్లో మెసేజీ వచ్చాక తెలిసింది. అందులో అమ్మినవాడి మొహం ఆయనదే, సంతకమూ ఆయనదే. సొమ్ము సైతం ఆయన మొహంతోనే తెరిచిన ఏదో ఖాతాలో పడి, పడ్డ గంటలోనే ఎటో ఎగిరిపోయింది. మధ్యవర్తి ఒక రియల్ ఎస్టేట్ బ్రోకరు. అతనికి ఆఫీసు లేదు, బోర్డు లేదు, గుమాస్తా లేడు, కాగితమన్న మాటే లేదు. ఇల్లు చూపించడం దగ్గర నుంచి ఒప్పందం దాకా అన్నీ ఫోన్లోనే. తెర ముందు కన్నార్పితే మనిషి రుజువు, గాజు మీద వేలితో గీస్తే సంతకం. బజార్లో అతన్ని అందరూ జేబాఫీసు అంటారు. రేపు పొద్దున్నే కొనుక్కున్నవాళ్ళు సామాన్లతో దిగిపోతున్నారు. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చారు గానీ, ఈలోగా మోసం అని తేలకపోతే దర్జీ తన మిషను వీధిలో పెట్టుకోవాలి.

“అమ్మా, జేబాఫీసుని ఇక్కడికి రమ్మన్నాను. వీధి చివర కారొచ్చిందేమో చూసి రాగలవా?” అన్నాడు డిటెక్టివ్.

“ఫోన్ చేస్తే చెప్తాడుగా?”

“చెప్తాడు. చెప్పింది నిజమో కాదో నువ్వు చూస్తావు.”

ఆమె వెళ్ళింది. డిటెక్టివ్ తలుపు దగ్గరగా వేసి, గదిలో అటూ ఇటూ నడిచాడు. కడ్డీకి వరసగా చొక్కాలు, ప్యాంట్లు వేలాడుతున్నాయి. చూస్తే చేతినిండా పని ఉన్న దుకాణమే. ఒక చొక్కా భుజం మీద వేలితో గీశాడు. వేలు బూడిద రంగుకి తిరిగింది. పక్క చొక్కా, ఆ పక్కదీ అంతే. మిషను చక్రానికి సాలీడు ఒకటి తీరిగ్గా గూడు అల్లుకుంది.

“పని బాగానే ఉందా మాస్టారూ?”

“ఊపిరాడట్లేదు బాబూ. పెళ్ళిళ్ళ రోజులు కదా!”

“ఈ చొక్కాలు ఎవరివి?”

“ఖాతాదార్లవి. వస్తారు, పట్టుకెళ్తారు.”

“పట్టుకెళ్ళేవాళ్ళు బతికే ఉన్నారా?” డిటెక్టివ్ తన వేలు చూపించాడు. “మీ అమ్మాయి వారం వారం వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఇవి కడ్డీ మీద అటు నుంచి ఇటు జరుపుతారు కదూ? కొత్త పని వచ్చినట్టు కనపడాలిగా. జరిపిన గీతలు కడ్డీ దుమ్ములో ఉన్నాయి. అబద్ధం ఇక్కడే మొదలైంది మాస్టారూ. దాని తోకే ఆ ఫోన్లో ఉంది. చెప్పండి, మొహం చూపించారా లేదా?”

దర్జీ మిషను ముందున్న స్టూలు మీద కూలబడ్డాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తలుపు దాటి పోకూడదన్నంత జాగ్రత్తగా వచ్చింది.

“కుట్టించుకునేవాళ్ళే లేరు బాబూ. అందరూ కుట్టినవే కొనుక్కుంటున్నారు. ఈ గది అద్దెకిచ్చేద్దామనుకున్నాను. అమ్మాయికి చెబితే, నా దగ్గరికి వచ్చెయ్ అంటుంది. అల్లుడి గుమ్మంలో కూర్చుని తినడం నాకు నామోషీ. ఎవరో చెప్తే ఆ జేబాఫీసుకి ఫోన్ చేశాను. పొద్దున్నే వచ్చాడు. ఎంత మర్యాదండీ! చెప్పులు బయటే విప్పాడు. ఫోన్తో గదంతా ఫొటోలు తీశాడు. కన్నార్పమన్నాడు, ఆర్పాను. గాజు మీద సంతకం పెట్టమన్నాడు. వేలు తడిగా ఉంటే పని చెయ్యదంటే, చొక్కాకి తుడుచుకుని మరీ పెట్టాను.”

“ఏం రాసుందో చదివారా?”

“చీమల బారులా ఉంది. జరుపుతున్నాడు, జరుపుతున్నాడు, అదెక్కడా ఆగదే! చదివి పెట్టు నాయనా అందామంటే... ఈ ముసలాడికి ఏమీ తెలీదనుకుంటాడని...” దర్జీ తల ఊపాడు. “అర్థమైందా మాస్టారూ అన్నాడు. ఆ, ఆ, అర్థమైంది అన్నాను.”

“అద్దె ఒప్పందం అన్నాడా?”

“అదే అన్నాడు. అదే మెసేజీ కూడా వచ్చింది.”

డిటెక్టివ్ ప్రాణం లేచొచ్చింది. “ఏదీ, చూపించండి!”

“తుడిచేశాను.”

“ఏంటి?”

“ఇల్లు అమ్ముడైందని తెలిసిన రోజు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. నా ఫోన్ చూస్తుందేమోనని, తను లోపలికి వచ్చేలోపే తుడిచేశాను.”

ఉన్న ఒక్క ఆధారాన్నీ తన వేలితోనే చెరిపేసుకున్నాడన్నమాట. డిటెక్టివ్‌కి ఒళ్ళు మండింది.

“సిగ్గుకి ఇల్లు రాసిచ్చేస్తారా మాస్టారూ? చదవలేదని ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? పోలీసుల దగ్గర మొహమే చూపించలేదని బొంకితే, ఆ మొహం తెర మీద కనపడగానే మీ మాట మొత్తం అబద్ధమైపోదా? ఇన్నేళ్ళొచ్చాయి, ఆ మాత్రం తెలీదా?”

దర్జీ చేతులు జోడించాడు. “అమ్మాయికి మాత్రం చెప్పకు బాబూ.”

అంతలో “కారొచ్చిందండీ” అంటూ తలుపు తోసుకుని కూతురు వచ్చింది. ఆమె వెనకే ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివ్ మొహం మాడింది. ఈ కేసు ఇతని చేతిలో ఉందని తెలుసు గానీ, ఇలా వస్తాడనుకోలేదు. ఇన్‌స్పెక్టరు అతనికి స్వయానా బావమరిది, భార్యకి తమ్ముడు. వేలు విడిచిన చుట్టమైనా తప్పించుకుని తిరగొచ్చు. ఇతనితో అలా కుదరదు. ప్రతి ఆదివారం ఒకే బల్ల మీద భోంచెయ్యాలి.

“ఏం బావా! భూతద్దం తెచ్చుకున్నావా, ఇంట్లో మర్చిపోయావా?”

“మీ అక్క బియ్యం ఏరుకుంటానంటే ఇచ్చొచ్చానురా. నీకెందుకొచ్చింది ఇంత శ్రమ?”

“ఫిర్యాదు మూసేస్తున్నాను. ఆ ముక్క మొహం మీదే చెప్పిపోదామని.” ఇన్‌స్పెక్టరు దర్జీ వైపు తిరిగాడు. “పెద్దాయనా, ఆఖరిసారి అడుగుతున్నా. బ్రోకరు ఫోన్ ముందు మొహం పెట్టావా, లేదా?”

దర్జీ కూతురి వైపు చూశాడు. డిటెక్టివ్ వైపు చూశాడు. డిటెక్టివ్ కళ్ళతోనే చెప్పమని సైగ చేశాడు.

“లేదు బాబూ,” అన్నాడు దర్జీ.

“విన్నావుగా బావా? ఎదురుగా ఫొటో ఉన్నా లేదంటున్నాడు. తప్పుడు ఫిర్యాదు ఇచ్చాడని ఎదురు కేసు పెట్టొచ్చు. వయసు చూసి వదిలేస్తున్నా.”

“ఒక్క నిమిషం. నీ రికార్డు ప్రకారం ఈ ఫొటో ఎప్పుడు తీశారు?”

“ఒప్పందం రోజు సాయంత్రం, ఐదున్నరకి. ఈ గదిలోనే.”

“అయితే ఇలా రా.” డిటెక్టివ్ ఫోన్లో ఫొటో పెద్దది చేశాడు. “ఎడమ చెంప మీద ఎండ. నుదుటి మీద నిలువు నీడలు చూడు, కిటికీ చువ్వలవి. ఈ గదికి ఉన్నది ఆ ఒక్క కిటికీ. అది తూర్పుకి ఉంది. సాయంత్రం ఐదున్నరకి తూర్పు నుంచి ఎండ ఎలా వచ్చిందిరా? నీకోసం సూర్యుడు డ్యూటీ మారాడా?”

కూతురు ఫోన్లోకి వంగి చూసి, కిటికీ వైపు చూసి, అబ్బా అంది.

“లైటు అయ్యుంటుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“వీధిలో లైటు పెట్టి, చువ్వల గుండా లోపలికి వేశారా? బ్రోకరా, సినిమా తీసేవాడా? పొద్దున వేరే పనికి తీసిన మొహాన్ని సాయంత్రం అమ్మకానికి అంటించాడు. సంతకమూ అంతే.”

“వేరే పనికి తీశారంటే మొహం చూపించాడనేగా? మీ పెద్దాయన లేదంటున్నాడే!”

దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. దర్జీ తువ్వాలు వేళ్ళకి చుట్టుకుంటూ నేల చూస్తున్నాడు.

“ఇంకోటి విను బావా. ఎండా, నీడా అని కోర్టులో కథలు చెప్తే నవ్వుతారు. ఈ ఒప్పందానికి సాక్షులిద్దరున్నారు. పెద్దాయన మా ఎదుటే సంతకం పెట్టాడని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇద్దరూ పరువుగల మనుషులు. నేను స్వయంగా చూసుకున్నాను.”

“ఎవరు వాళ్ళు?”

“నీకనవసరం.”

“ఎందుకనవసరం? వాళ్ళు అబద్ధమంటే కేసు తేలిపోతుంది. చూపించు.”

“బావా!” ఇన్‌స్పెక్టరు గొంతులో వెటకారం ఉన్నట్టుండి మాయమైంది. దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. “నీ మంచికే చెప్తున్నా. ఇందులో వేలు పెట్టకు. ఇంటికి పో.”

ఇన్నేళ్ళలో బావమరిది తన మంచి కోరడం డిటెక్టివ్ ఎరగడు. అందుకే ఆ మాట వినగానే వెనక్కి తిరిగి వీధిలోకి నడిచాడు. “బావా, వద్దు!” అని వెనక నుంచి కేక వినపడింది. ఆగలేదు.

వీధి చివర తెల్ల కారు ఆగి ఉంది. జేబాఫీసు డ్రైవరు సీట్లో కూర్చుని, చెవిలో ఏదో పెట్టుకుని, తెర మీద వేళ్ళాడిస్తున్నాడు. డిటెక్టివ్‌ని చూడగానే పక్క తలుపు తీశాడు.

“రండి సార్, ఆఫీసులోకి రండి. ఏసీ పెంచమంటారా?”

కారు వెనక సీటంతా వైర్లు, ఛార్జర్లు, ఒక ట్యాబు. పెన్ను కూడా లేదు.

“మంచి ఆఫీసే. ఊడ్చే పని ఉండదు,” అన్నాడు డిటెక్టివ్.

“అద్దె ఉండదు, బీరువా ఉండదు, చెదలుండవు. నేనెక్కడుంటే ఆఫీసు అక్కడే సార్. సాక్షులే కదా మీకు కావాల్సింది? మీరొస్తారని తెలుసు. అసలు నన్నడిగితే ఈ వ్యాపారంలో కష్టమల్లా సాక్షులతోనే. పాత రోజుల్లో రిజిస్ట్రేషను ఆఫీసు బయట టీ బండి దగ్గర నలుగురు కూర్చునేవాళ్ళు గుర్తుందా? ఒక టీ పోస్తే ఎవరి దస్తావేజు మీదైనా సాక్షి సంతకం పెట్టేవాళ్ళు. కాగితం పోయింది. టీ బండీ పోయింది. సాక్షి మాత్రం చట్టంలో మిగిలిపోయాడు. మరి నాకు సాక్షులెక్కడ దొరుకుతారు?”

“ఎక్కడ దొరికారు?”

“ఇళ్ళు చూడ్డానికి వచ్చినవాళ్ళే సార్. గేటు తెరుచుకునే నంబరు పంపాలంటే ముందు మొహం చూపించాలి, వేలితో సంతకం గీయాలి, కింద గళ్ళన్నీ నొక్కాలి. అందులో ఒక గడి, మా ఒప్పందాలకి సాక్షిగా ఉండటం సమ్మతమేనని. తర్వాత ఒప్పందం జరిగిన రోజు ఒక మెసేజీ వెళ్తుంది. కింద ఆకుపచ్చ మీట. సరే అని నొక్కితే సాక్ష్యం చెప్పినట్టే.”

“చదవకుండా నొక్కుతారా?”

జేబాఫీసు ట్యాబు తీసి, రెండుసార్లు తోసి, అతని చేతిలో పెట్టాడు.

“మీరే చెప్పాలి సార్.”

తెర మీద ఒక గుండ్రటి చట్రంలో ఒక మొహం. ఎండకి కళ్ళు చికిలించి, విసుగ్గా, పెదవి విరిచి ఉన్న మొహం. రెండో సాక్షి. అది డిటెక్టివ్‌దే.

అంతా ఒక్కసారిగా కళ్ళకి కట్టింది. నెల కిందట భార్య పోరు పడలేక, ఒక ఫ్లాటు చూడ్డానికి ముగ్గురూ వెళ్ళారు. తనూ, భార్యా, బావమరిదీ. లింకు పంపింది బావమరిదే. గేటు ముందు ఎండలో నిలబడి ఫోను నొక్కుతుంటే, బావమరిది చకచకా నొక్కేసి, “ఫోన్ నొక్కడం కూడా రాదా బావా?” అని నవ్వాడు. పౌరుషం వచ్చి, వేలితో సంతకం గీకి, కనపడ్డ గళ్ళన్నీ నొక్కేశాడు. తర్వాత ఏదో సాయంత్రం మెసేజీ వచ్చింది. ఆ ఫ్లాటు గురించే అనుకుని, అన్నం తింటూ ఎడమచేత్తో ఆకుపచ్చ మీట నొక్కాడు. నొక్కిన సంగతి కూడా కంచం ఎత్తేలోపే మర్చిపోయాడు.

ఇంతకు ముందే ఆ ముసలాయన్ని గద్దించిన మాటలు చెవుల్లో గింగురుమన్నాయి. తల కొట్టేసినట్టయింది.

“నా దగ్గర వేల మొహాలున్నాయి సార్,” అన్నాడు జేబాఫీసు మర్యాద ఏమాత్రం తగ్గించకుండా. “ఎవర్ని పడితే వాళ్ళని పెట్టను. పరువున్న వాళ్ళని ఏరి పెట్టుకుంటాను. పరువు లేనివాడు కోర్టుకొచ్చి, నేను చదవలేదండీ, ఊరికే నొక్కానండీ అని చెప్పేస్తాడు. వాడితో ప్రమాదం. పరువున్నవాడు చచ్చినా చెప్పడు. ఫోన్లో ఏముందో చూసుకోకుండా నొక్కే డిటెక్టివ్‌కి రేపు కేసెవరిస్తారు? పైగా చూడనిది చూశానన్న నేరమొకటి. మీరు చెప్పరు, నేనూ చెప్పను. ఆఫీసు అద్దాలు కూడా నల్లవే.”

“మొదటి సాక్షి ఎవరు?”

“ఆయన సంగతి మీకెందుకు సార్? ఆయన తన పని తాను చూసుకుంటున్నాడు.”

డిటెక్టివ్ కారు దిగి నడుస్తుంటే వీధిలో ప్రతివాడూ తన మొహమే చూస్తున్నట్టనిపించింది. బోర్డు కట్టి, పేరు నిలబెట్టుకోవడానికి సగం జీవితం పట్టింది. ఇటు తిరిగి ఇంటికి పోతే ఎవరికీ తెలియదు. కేసు తేలలేదు తల్లీ, మీ నాన్నదే తప్పు అని కూతురికో మాట చెప్పేస్తే చాలు. దర్జీ కాదనడు. ఎలాగూ ఆయన తలెత్తడం లేదు.

గుమ్మం దగ్గరే ఇన్‌స్పెక్టరు ఎదురొచ్చాడు.

“చూశావా?”

“చూశాను.”

“చెప్తే విన్నావు కాదు.” బావమరిది కళ్ళలో గెలిచిన మెరుపు లేదు. అది డిటెక్టివ్‌కి వింతగా తోచింది. “పద, జీపులో దింపేస్తాను. అక్కకి కూడా ఏం చెప్పకు.”

గదిలో కూతురు కడ్డీ మీది బట్టలు తీసి సంచిలో సర్దుతోంది. “రేపు వాళ్ళొచ్చేసరికి ఈ చొక్కాలు ఎవరివి వాళ్ళకి అందించాలి నాన్నా. మాటొస్తుంది,” అంటోంది. దర్జీ తలూపుతున్నాడు. అవి ఎవరివీ కావని చెప్పలేక తలూపుతున్నాడు.

డిటెక్టివ్ గుమ్మంలోనే నిలబడ్డాడు. “ఇన్‌స్పెక్టరుగారూ, నా వాంగ్మూలం తీసుకోండి,” అన్నాడు.

“బావా, నోరు ముయ్.”

“రాసుకో. లేదా ఫోన్లో రికార్డు చెయ్. ఈ అమ్మకానికి రెండో సాక్షిని నేనే. ఈయన సంతకం పెట్టగా నేను చూడలేదు. ఈ గదిలో ఈ రోజే మొదటిసారి కాలు పెట్టాను. మెసేజీ వస్తే చదవకుండా నొక్కాను.”

కూతురి చేతిలోని చొక్కా సంచిలో సగం, బయట సగం ఉండిపోయింది.

“మీరా?” అంది. “మిమ్మల్ని నమ్మి కదండీ తీసుకొచ్చాను! మా నాన్నని దొంగని ప్రశ్నించినట్టు ప్రశ్నించారే! మీరు చదవరా?”

“చదవలేదమ్మా.”

“చిన్నపిల్లాడైనా...”

“ఆయన్నేమీ అనకే.” దర్జీ స్టూలు మీంచి లేచాడు. “నేనూ చదవలేదు. మొహం నేనే చూపించాను. వేలు తుడుచుకుని మరీ సంతకం పెట్టాను. గది అద్దెకిద్దామని పిలిచింది కూడా నేనే. ఆ చొక్కాలు ఎవరివీ కాదు, సర్దకు. ఎప్పుడో చనిపోయినవాళ్ళవి, ఊరు విడిచిపోయినవాళ్ళవి.”

కూతురు ఆ చొక్కా వైపు చూసింది. భుజం మీద దుమ్ము చేత్తో తుడిచింది. తిడుతుందనుకున్నారు ముగ్గురూ. తిట్టలేదు. చొక్కా తీసుకెళ్ళి మళ్ళీ కడ్డీకి తగిలించి, మొహం అటే పెట్టుకుని నిలబడింది. కాసేపటికి ఇటు తిరిగింది.

“మొదటి సాక్షి ఎవరు సార్?” అని ఇన్‌స్పెక్టర్ని అడిగింది. “స్వయంగా చూసుకున్నానన్నారుగా? ఆయన్ని కూడా పిలవండి. ఆయన కూడా చదవలేదంటే మా ఇల్లు మాకొచ్చేస్తుంది కదా?”

ఇన్‌స్పెక్టరు చేతిలోని ఫోను బోర్లించి పట్టుకున్నాడు.

అప్పుడు వెలిగింది డిటెక్టివ్‌కి. కేసు మూసెయ్యడానికి అంత తొందరెందుకో, తన మంచి కోరడమెందుకో, గెలిచినవాడి కళ్ళలో మెరుపు లేకపోవడమెందుకో.

“ఒరేయ్, ఆ రోజు గేటు ముందు నాకంటే ముందు నొక్కింది నువ్వే కదరా!”

“ఉద్యోగం పోతుంది బావా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ గొంతు అతనిది కాదు. డిటెక్టివ్ పెళ్ళినాడు నిక్కరు వేసుకుని అక్క కొంగు పట్టుకుని ఏడ్చిన కుర్రాడి గొంతు. “రికార్డు తెరవగానే నా మొహం కనపడింది. కింద నీది. రెండు రోజులుగా నిద్ర లేదు. పోలీసోడే చదవకుండా సాక్ష్యం చెప్పాడంటే... స్టేషన్లో హోంగార్డు కూడా సెల్యూట్ కొట్టడు.”

“నిజమే. కొట్టడు. నాకూ కేసులు రావు.”

“మరి నువ్వెలా చెప్పావు?”

“ఎలా చెప్పానో నాకూ తెలీదు. మాస్టారు తలూపుతుంటే చూడలేకపోయాను.”

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి మిషను బల్ల మీద పెట్టాడు. తర్వాత ఫోను తిప్పి, రికార్డు మీట నొక్కి, దర్జీకి ఎదురుగా నిలబడి చెప్పాడు. తన హోదా చెప్పాడు. నొక్కానని చెప్పాడు. చదవలేదని చెప్పాడు. చూడలేదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ కళ్ళు నేల మీదే ఉన్నాయి. చెప్పడం అయ్యాక, దర్జీయే స్టూలు అతని వైపు జరిపి, “కూర్చో బాబూ,” అన్నాడు.

అతను కూర్చోలేదు. టోపీ తీసుకుని ఒక్క అంగలో గుమ్మం దాటాడు.

“ఆఫీసు సీజు చెయ్యాలి బావా! అన్ని మొహాలూ ఆ కారులోనే ఉన్నాయి!”

ఇద్దరూ వీధి చివరికి పరుగెత్తారు. కారు నిలిచిన చోట ఏసీ నీళ్ళు కారిన తడి మరక ఒక్కటే ఉంది. సీలు వెయ్యడానికి తలుపు లేదు, పట్టుకోవడానికి గుమాస్తా లేడు. ఇన్‌స్పెక్టరు జేబాఫీసు నంబరుకి ఫోన్ చేశాడు. ఆ నంబరు వాడుకలో లేదని జవాబు వచ్చింది.

“వాడికి మొహం, సంతకం ఇచ్చినవాళ్ళు ఎంతమందో!” అన్నాడు ఇన్‌స్పెక్టరు రొప్పుతూ. “ఒక్కొక్కరి ఇల్లూ...”

మాట పూర్తి కాలేదు. డిటెక్టివ్ ఫోను మోగింది. భార్య.

“ఏమండీ, ఎవరో మొగుడూ పెళ్ళాం వచ్చారు. మన ఇల్లు చూసుకోవడానికట. నిన్ననే కొన్నామంటున్నారు. నేను నవ్వి, పొరపాటు పడ్డారమ్మా అంటే, మీ మొహమూ సంతకమూ ఫోన్లో చూపిస్తున్నారు. ఇదేం విడ్డూరమండీ? మీరేమైనా నొక్కారా?”

పక్కన బావమరిది వింటున్నాడు. వెనక వీధిలో దర్జీ, కూతురు వస్తున్నారు. లేదని చెప్పే మాట నాలుక చివరి దాకా వచ్చింది.

“నొక్కాను,” అన్నాడు డిటెక్టివ్. “తలుపు తియ్యకు.”